పట్టేసిన వాల్వు మూతలు: నాలుగు టైర్లతో నా అనుభవం

గాలి కొట్టించబోతే నాలుగు మూతల్లో ఒక్కటీ కదల్లేదు. రెండు వానాకాలాల కిందట యాక్సెసరీ షాపులో కొన్న రంగు అల్యూమినియం మూతలవి. కారు ఉండేది విశాఖలో, సముద్రపు గాలి నేరుగా తగిలే చోట.

ఎందుకు పట్టేస్తాయో ముందు తెలిస్తే ఎలా తియ్యాలో తేలిగ్గా అర్థమవుతుంది. మామూలు ట్యూబ్‌లెస్ వాల్వుకు కాడ, అంటే మూత ఎక్కే గొట్టం, లోపల ఇత్తడి, మూతేమో అల్యూమినియం. రెండు వేర్వేరు లోహాలు ఆనుకున్నచోట ఉప్పు తడి చేరితే అది చిన్న బ్యాటరీలా పనిచేస్తుంది, అందులో అరిగిపోయేది అల్యూమినియమే. అలా పుట్టిన తెల్లటి పొడి అసలు లోహం కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది. వాల్వు మర అంగుళానికి 32 చుట్లు, అంటే చుట్టుకీ చుట్టుకీ మధ్య 0.8 మిల్లీమీటరు. అంత సన్నని సందులో ఆ పొడి దట్టించుకుపోతే సిమెంటు పోసినట్టే.

చెయ్యి వెయ్యకముందే చూసుకోవలసింది వాల్వు రకం. నా కారుకున్నవి రబ్బరు వాల్వులు. ఇత్తడి గొట్టం చుట్టూ రబ్బరు పోతపోసి, చక్రం డిస్కులో (రిమ్ములో) 11.5 మిల్లీమీటర్ల రంధ్రంలోకి లాగి బిగిస్తారు. ఆ ఇత్తడిని తిరక్కుండా పట్టి ఉంచేది రబ్బరు అతుకు ఒక్కటే. మూతను ప్లయరుతో గట్టిగా తిప్పితే మర కంటే ముందు ఆ అతుకే ఊడుతుంది. పూర్తిగా లోహపు వాల్వయి, అడుగున నట్టు ఉంటే దాని వెనక ప్రెషర్ సెన్సరు ఉండొచ్చు. అది మూత కంటే ఎన్నో రెట్లు ఖరీదు. ఆ నట్టు జోలికి అసలు పోవద్దు. రెండు రకాలకూ సూత్రం ఒకటే: మూత పోతే పోనీ, వాల్వు దక్కాలి.

మొదటి పని ఆయిల్. డబ్ల్యూడీ-40 లాంటి చొరబడే ఆయిల్ ఏదైనా సరే. చాలామంది తప్పు చేసేది ఇక్కడే: వాల్వు కింది వైపు ఉండగా కొడతారు. అప్పుడు మూత టోపీలా బోర్లా ఉంటుంది కాబట్టి ఆయిల్ పైనుంచి జారిపోతుంది తప్ప లోపలికి దిగదు. కారును కాస్త ముందుకు జరిపి వాల్వు చక్రానికి పైభాగాన, పన్నెండు గంటల స్థానంలో ఆగేలా చూడాలి. అక్కడ కాడ ఇరుసు వైపు కిందికి చూస్తుంది, మూత నోరు పైకి ఉంటుంది. రబ్బరుకూ మూతకూ మధ్య ఇత్తడి సన్నని గీతలా కనబడుతుంది. ఆ గీత మీద రెండు మూడు చుక్కలు వేస్తే తిన్నగా మరలోకి దిగుతుంది. నాలుగు చక్రాలూ ఒకేసారి ఆ స్థానానికి రావు కాబట్టి ఒక్కొక్కటిగా చేశాను. అల్లాయ్ వీలు సందుల్లోంచి బ్రేకు డిస్కు మీద చుక్క కూడా పడకూడదు, అడ్డంగా మందపాటి గుడ్డ పెట్టుకోవాలి. ఉదయం, సాయంత్రం వేస్తూ రెండు రోజులు వదిలేశాను. గంటలో పని కావాలనుకుంటే ఆయిల్ దండగ.

తిప్పేముందు జాకీ ఎత్తి స్టాండు పెట్టాలి. కాడ విరిగితే గాలి ఒక్కసారిగా పోయి డిస్కు అంచు మీద బరువు పడుతుంది. స్టెప్నీలో గాలి ఉందో లేదో కూడా ముందే చూసుకోవాలి.

రెండు ప్లయర్లు కావాలి. ఒకదానితో కాడను, మధ్యలో పాత ట్యూబు ముక్క చుట్టి, మూతకు వీలైనంత దగ్గరగా పట్టుకోవాలి. రెండోదానితో మూతను మొదట బిగించే వైపు వెంట్రుకవాసి తిప్పి, తర్వాత విప్పే వైపు తిప్పాలి. అలా ముందుకూ వెనక్కూ ఆడిస్తే పొడి నలుగుతుంది. ముందు ఎడమ టైరు మూత ఇలాగే చిన్న టక్కుమనే చప్పుడుతో వదిలింది. వెనక ఎడమదానికి మరుగుతున్న నీళ్లలో ముంచిన గుడ్డను రెండు నిమిషాలు చుట్టాల్సి వచ్చింది. వేడికి అల్యూమినియం ఇత్తడి కంటే కొంచెం ఎక్కువ వ్యాకోచిస్తుంది. తేడా స్వల్పమే, కానీ పట్టేసిన పొడిలో పగులు తేవడానికి చాలు. లైటరు, గ్యాసు మంట మాత్రం వద్దే వద్దు. పక్కనే రబ్బరు, మీద ఆయిల్, లోపల ఒత్తిడి.

ముందు కుడిది కాడతో సహా మెలి తిరగబోయింది. వెంటనే ఆపేశాను. దాన్ని కోయడమే మార్గం. ఆయిల్ తుడిచేసి, కళ్లద్దాలు పెట్టుకుని, సగం విరిచి గుడ్డ చుట్టిన హ్యాక్సా బ్లేడుతో మూతను నిలువుగా, పైనుంచి నోటి దాకా కోశాను. మూత గోడ చాలా పలచన, మర తగిలేదాకా కోయకూడదు. రాలే పొడి తెల్లగా ఉన్నంతసేపూ అది అల్యూమినియమే, పసుపు మెరుపు కనబడితే ఇత్తడి తగిలినట్టు. కాగితమంత మందం మిగలగానే గాటులో చదునైన స్క్రూడ్రైవరు పెట్టి మెలిపెడితే మూత రెండుగా విచ్చుకుంది. మర మీద చిన్న గీటు పడింది. టైరు వాల్వులకు నాలుగు మూలల పనిముట్టు ఒకటి దొరుకుతుంది: ఒక కొన బయటి మరను, ఒకటి లోపలి మరను సరిచేస్తాయి, ఒకటి పిన్నును (కాడ లోపల గాలిని ఆపే చిన్న భాగం) విప్పుతుంది, మరొకటి విరిగిన పిన్నును లాగుతుంది. దాని మొదటి కొనతో గీటు పోయింది.

వెనక కుడిది దక్కలేదు. ఆడిస్తుండగానే కాడ అడుగున సబ్బు నీళ్లు వేస్తే బుడగలు వచ్చాయి. వాల్వు మార్చాలి, మార్చాలంటే గాలి తియ్యాలి, తీద్దామంటే పిన్ను మూత కిందే ఉంది. ఇలాంటప్పుడు మూత నెత్తిన మూడు మిల్లీమీటర్ల డ్రిల్లుతో రంధ్రం వేసి, సన్నని మేకుతో పిన్నును నొక్కిపట్టాలి. నిదానంగా గాలంతా దిగిపోతుంది. లోపల గాలి ఉండగా టైరును డిస్కు నుంచి ఎవరినీ విడదీయనివ్వకండి. పంక్చర్ షాపులో కొత్త రబ్బరు వాల్వు వేసి, బ్యాలెన్సింగ్ చేయించాను.

ఇప్పుడు నాలుగింటికీ ప్లాస్టిక్ మూతలు, లోపల రబ్బరు వాషరు ఉన్నవి. నైట్రోజన్ కొట్టినప్పుడు పెట్టే ఆకుపచ్చ మూతలైనా ఇవే పని చేస్తాయి. మరలను పళ్ల బ్రష్షుతో శుభ్రం చేసి, బయటి చుట్ల మీద మాత్రమే సిలికాన్ గ్రీజు పల్చగా రాశాను. వాల్వు నోట్లోకి గ్రీజు పోతే దుమ్ము పట్టి పిన్ను సరిగా మూసుకోదు. అల్యూమినియం కాడలున్న వాళ్లు రాగి కలిసిన పేస్టు వాడొద్దు, మళ్లీ అదే బ్యాటరీ తయారవుతుంది. పిన్ను మార్చాల్సి వచ్చినా వాటికి నికెల్ పూత ఉన్నదే వెయ్యాలి. మూత వేళ్లతో బిగిస్తే చాలు, ప్లయరు అక్కర్లేదు. మర్నాడు ఉదయం టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూస్తే నాలుగింటా గాలి ఒత్తిడి 33 పీఎస్‌ఐ ఉంది, సబ్బు నీళ్లకు ఎక్కడా బుడగ రాలేదు.