బకింగ్‌హామ్ కాలువకీ సముద్రానికీ నడుమ బోరు దించేముందు

ఎండలు ముదిరాయంటే చాలు, చెన్నైలో తిరువాన్మియూరు నుంచి కోవళం దాకా ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) పొడుగునా అపార్టుమెంటు మీటింగుల్లో ఒకటే మాట: "బోరు ఇంకో యాభై అడుగులు దించేద్దామండీ." దించకండి. ఈ ఇసుక పట్టీకి తూర్పున సముద్రం, పడమట ఆటుపోట్ల ఉప్పు ఎక్కే బకింగ్‌హామ్ కాలువ. భూమిలో నీటి లెక్క చూస్తే ఇది చెన్నై కాదు, పసిఫిక్‌లో కిరిబాటి రాజధాని ఉన్న తరావా దీవికి చుట్టం. లోతుకి పోతే నీళ్ళు పడతాయన్న అనంతపురం బుద్ధి ఇక్కడ చేటు.

ఇలాంటి చోట ఇసుకలో ఇంకిన వాన నీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. సముద్రపు నీరు మంచినీటి కంటే నూటికి రెండున్నర పాళ్ళు బరువు. ఆ కాస్త తేడా వల్ల సముద్రమట్టానికి పైన అడుగు మంచినీరు నిలిస్తే, కింద సుమారు 40 అడుగుల మంచినీరు ఉంటుంది. ఇదే లెక్క తిరగేసి చూడండి. మోటారు తోడుతూ మట్టాన్ని 10 సెంటీమీటర్లు దించి అలాగే ఉంచితే, కింద ఉప్పు 4 మీటర్ల దాకా పైకి లేస్తుంది, సరిగ్గా బోరు కిందే, గోపురంలా. ఇది కాగితం మీది లెక్క. నిజానికి మంచినీటికీ ఉప్పునీటికీ మధ్య గీత ఉండదు, రెండూ కలిసిన మందపాటి పొర ఉంటుంది. అందుకే ఉప్పు ఇంకా ముందే తగులుతుంది.

ఎంత ఉప్పు కలిస్తే నీళ్ళు చెడతాయి? వంద చెంబుల మంచినీళ్ళలో రెండు చెంబుల సముద్రం చాలు. సముద్రపు నీటిలో క్లోరైడు లీటరుకు దాదాపు 19,000 మిల్లీగ్రాములు కాబట్టి, రెండు చెంబులతోనే మీ నీళ్ళలో 380 చేరుతుంది. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 చెప్పే హద్దు 250, వేరే దిక్కు లేకపోతే 1000. అయిదు చెంబులు కలిస్తే ఆ వెయ్యి అంచుకీ వచ్చేసినట్టే.

తరావాలో బోన్రికి అనే చోట దీనికి చేసిన ఏర్పాటు చాలా తెలివైనది. నిలువు బోర్లు కాకుండా, నీటి మట్టానికి కాస్త దిగువన చిల్లుల పైపులు అడ్డంగా పరిచి, చిన్న పంపులతో మెల్లగా తోడతారు. పాల మీద మీగడ తీసినట్టు. మన ఇంటి కొలతలో దీనికి దగ్గరిది నాలుగడుగుల వెడల్పున్న సిమెంటు వరల బావి. మే నెల మట్టానికి ఒకటిన్నర మీటర్లు దిగువన ఆపేయండి. జాగా ఉంటే ఒకదాన్నే లోతు చేయకుండా, దూరదూరంగా రెండు తవ్వించండి. మోటారు అర హెచ్‌పీ చాలు: అరగంట నడిపి, గంటన్నర ఆపాలి. ఓవర్‌హెడ్ ట్యాంకు ఇరవై నిమిషాల్లో నిండాలని రెండు హెచ్‌పీ బిగించడమే ఇక్కడ బావులు చెడడానికి పెద్ద కారణం అని నా అభిప్రాయం. ఫుట్ వాల్వు (నీళ్ళు పీల్చే పైపు కొసన ఉండేది) బావి అడుగున పెట్టకండి, నీటి పైమట్టానికి రెండడుగుల కింద ఉండాలి. వేసవిలో మట్టం దిగినప్పుడు దాన్నీ దించాలి, మరిచిపోతే గాలి పీల్చి మోటారు ఉత్తినే తిరుగుతుంది.

నీళ్ళలో కరిగిన ఉప్పులు ఎంతున్నాయో చూపే టీడీఎస్ పెన్ను ఒకటి కొనండి. మోటారు వేసిన నిమిషానికి ఒకసారి, అరగంటకి ఒకసారి చూసి గోడ మీద రాసిపెట్టండి. రెండో అంకె మొదటిదాని కంటే బాగా పెరుగుతోందంటే కింద గోపురం లేస్తోందన్నమాట, తోడే సమయం సగానికి తగ్గించండి.

ఇక వాన. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద ఒక్క మిల్లీమీటరు పడితే 93 లీటర్లు. చెన్నైకి ఏడాదికి దాదాపు 1,400 మిల్లీమీటర్లు. నూటికి ఇరవై నష్టం తీసేసినా లక్ష లీటర్లకు పైనే. పసిఫిక్‌లోని మరో దీవుల దేశం తువాలులో ఇళ్ళ పక్కన ప్లాస్టిక్ ట్యాంకులతో నెట్టుకొస్తారు, ఎందుకంటే దాని రాజధాని ఫునాఫుటిలో ఏడాది పొడుగునా వాన, మొత్తం 3 మీటర్లకు పైగా. అక్కడ కూడా 2011లో లా నినా (పసిఫిక్ నడిమి నీరు మామూలు కంటే చల్లబడడం) వల్ల వాన మొహం చాటేస్తే అత్యవసర పరిస్థితి ప్రకటించారు. మనకు పడేదాంట్లో ఎక్కువ భాగం అక్టోబరు నుంచి డిసెంబరు లోపే. జనవరి నుంచి మే దాకా నలుగురికి, మనిషికి వంద లీటర్ల చొప్పున, 60,000 లీటర్లు దాచాలి. అంత ట్యాంకు ఎక్కడ పెడతాం? కాళ్ళ కింద ఇసుకే మన ట్యాంకు.

2003 నుంచి తమిళనాడులో ఇంకుడు ఏర్పాటు తప్పనిసరి కాబట్టి గుంట చాలా ఇళ్ళలో ఉంది. పనిచేసేవి తక్కువ. మొదటి మిల్లీమీటరు వాన డాబా దుమ్మూ, కాకి రెట్టలూ కడుగుతుంది, దాన్ని వదిలేయాలి. మన డాబాకి అది 93 లీటర్లు. నాలుగంగుళాల పైపు మీటరుకి 8 లీటర్లే పడుతుంది. అంటే గోడకి బిగించి అమ్మే మీటరు పొడవు పైపు అలంకారమే. వంద లీటర్ల డ్రమ్ము పెట్టి, అడుగున కుళాయిని చుక్కచుక్కగా కారేలా వదలండి, మర్నాటికి ఖాళీ అవుతుంది. తర్వాతి నీరు గుంటలోకి: అడుగున పెద్ద కంకర, ఆపైన సన్న కంకర, నైలాన్ వల, దాని మీద అడుగు మందం ముతక ఇసుక. ఏటా సెప్టెంబరులో పైన రెండంగుళాల ఇసుక తీసి కొత్తది వేయాలి, బురద అట్టకడితే చుక్క దిగదు. డాబా పైపు తిన్నగా బోరులోకి కలపొద్దు, ఒండ్రు పేరుకుని చిల్లులు పూడిపోతాయి.

ఆర్‌ఓ వదిలే ఉప్పునీళ్ళు ఈ గుంటలో పోయడం మరీ ఘోరం. మీ బావి ఉప్పునే చిక్కబరిచి తిరిగి బావిలో పోస్తున్నారన్నమాట. మురుగులోకి వదలండి.

సముద్రపు నీరే శుద్ధి చేసుకుంటే పోలేదా అంటారు కొందరు. ఇదే రోడ్డు మీద నెమ్మేలిలో 2013 నుంచి నడుస్తున్న ప్రభుత్వ ప్లాంటు రోజుకు 10 కోట్ల లీటర్లు తీయడానికే కట్టినది. పళ్ళికరణైలోని ఎన్‌ఐఓటీ (జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ) లక్షద్వీపాల్లో కవరత్తిలో 2005లో ఆర్‌ఓలో ఉప్పుని వడగట్టే పొర జోలికే పోకుండా, లోతు సముద్రపు చల్లని నీటితో ఆవిరిని చల్లార్చి రోజుకు లక్ష లీటర్లు తీసే ప్లాంటు పెట్టింది. ఊరికి అవి కావలసిందే. కానీ ఒక్కదాన్నే నమ్ముకుంటే 2014 డిసెంబరులో మాల్దీవుల రాజధాని మాలేకి పట్టిన గతే: ప్లాంటులో మంటలు లేస్తే లక్ష మందికి కుళాయిలు ఆగి, మన విమానాలూ నౌకలూ నీళ్ళు మోశాయి.

ఎప్పుడైనా తుపానుకో, 2004 సునామీలాంటిదానికో ఉప్పునీరు బావిలో పడితే, తోడి పారేస్తూ కూర్చోకండి. శ్రీలంకలో సునామీ తర్వాత బావులు పదేపదే తోడిన చోట ఉప్పు తగ్గకపోగా కింది నుంచి ఇంకా పైకి వచ్చింది. ఒక్కసారి మెల్లగా తోడి, బురద తీసి, వదిలేయండి. ఉప్పుని దించేది వాన నీరే. బ్లీచింగు పౌడరు క్రిముల కోసం: వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు, బకెట్లో కలిపి తేరిన నీటిని బావిలో పోసి గంటసేపు మోటారు వేయకుండా ఉంచాలి.