చందమామకి అమ్మవారు పోసింది

"ఏంట్రా, చందమామకి అమ్మవారు పోసినట్టుంది?"

నేను తీసిన మొదటి 'మంచి' ఫొటో చూసి మా అమ్మ అన్న మాట ఇది. మూడు రాత్రులు నిద్ర మానుకుని తీశాను కదా, ఒళ్ళు మండింది. గదిలోకి వెళ్ళి మళ్ళీ చూసుకున్నాను. నిజమే. ప్రతి గుంట చుట్టూ తెల్లటి అంచు, దాని పక్కనే నల్లటి గీత. నున్నగా ఉండాల్సిన చోట ఇసుక చల్లినట్టు గరగర. చంద్రుడి అంచున సున్నం పూసినట్టు ఒక వలయం. దాన్నంతా నేను 'వివరాలు' అనుకుని మురిసిపోయాను.

నాది ఆరంగుళాల అద్దం ఉన్న, చేత్తో తిప్పుకునే డాబ్సోనియన్ రకం టెలిస్కోప్, ఫోకల్ లెంగ్త్ 1200 మిల్లీమీటర్లు. దాన్ని రెట్టింపు చేసే బార్లో లెన్స్ ఒకటి, సెకండ్‌హ్యాండ్‌లో కొన్న బ్లాక్ అండ్ వైట్ కెమెరా ఒకటి. కెమెరా పిక్సెల్ 3.75 మైక్రాన్లు. లెక్క వేస్తే ఒక్కో పిక్సెల్‌లో చంద్రుడి మీద సుమారు 600 మీటర్ల నేల పడుతుంది. అద్దం సైజు ప్రకారం, గాలి ఎంత నిలకడగా ఉన్నా, కిలోమీటరున్నర కంటే దగ్గరగా ఉన్న రెండు వస్తువుల్ని నేను విడదీయలేను. చంద్రయాన్-3 దిగిన 2023లో మా అపార్ట్‌మెంట్లో కనపడిన ప్రతివాళ్ళూ "విక్రమ్ కనిపిస్తోందా?" అని అడిగేవారు. కారంత కూడా లేని ల్యాండర్ అది, హబుల్‌కే కనిపించదండీ అంటే నా టెలిస్కోప్ మీద జాలిపడి వెళ్ళిపోయేవారు.

ఫొటో అంటున్నాను గానీ, తీసేది వీడియో. మన తల మీది గాలి వేడివేడి పెనం మీది ఆవిరిలా కదులుతూనే ఉంటుంది. వందల ఫ్రేములు తీస్తే వాటిలో కొన్ని మాత్రం గాలి ఒక్క క్షణం తెరిపి ఇచ్చినప్పుడు పడతాయి. అలాంటి ఫ్రేము దొరికే అవకాశం ఎంతో 1978లోనే డేవిడ్ ఫ్రీడ్ అనే శాస్త్రవేత్త లెక్క కట్టి పెట్టాడు. షార్ప్‌క్యాప్ అనే సాఫ్ట్‌వేర్‌లో వీడియో తీయడం, ఆటోస్టాకర్ట్‌తో మంచి ఫ్రేముల్ని ఏరి ఒకదాని మీద ఒకటి పేర్చడం, రెజిస్టాక్స్‌లో వేవ్‌లెట్స్‌తో, అంటే వివరాల్ని సైజుల వారీగా విడదీసి, పదును పెట్టడం. దారి ఇంతే. (ఈ చివరి రెండూ నెదర్లాండ్స్ వాళ్ళు రాసి ఉచితంగా ఇచ్చినవి. ఏడాదిలో సగం రోజులు మబ్బు పట్టే దేశంలో కూర్చుని ఎలా రాశారో!)

నా టెలిస్కోప్‌కి చంద్రుడి వెంట తిప్పే మోటార్ లేదు. భూమి తిరుగుడుకి చంద్రుడి మీది ఏ గుంటైనా కెమెరా ఫ్రేములో ఒక పక్క నుంచి దూరి 27 సెకన్లలో రెండో పక్క నుంచి వెళ్ళిపోతుంది. అందుకని కావలసిన గుంటని అంచుకి తెచ్చి, చేతులు తీసేసి, ఊపిరి బిగబట్టి రికార్డింగ్ నొక్కడం. సెకనుకి 30 ఫ్రేముల చొప్పున ఒక్కో వీడియోకి 800 ఫ్రేములు.

తప్పు ఎక్కడ మొదలైందో తర్వాత తెలిసింది. 'అన్నిటికంటే మంచివే వాడాలి' అన్న అత్యాశతో పైనున్న 5 శాతం, అంటే 40 ఫ్రేములే పేర్చేవాణ్ణి. పేర్చిన ఫ్రేముల సంఖ్యకి వర్గమూలం ఎంతో, గరగర అన్ని రెట్లు తగ్గుతుంది. 40 ఫ్రేములకి ఆరు రెట్లు, 400కి ఇరవై రెట్లు. గరగర ఇంకా నిండుగా ఉన్న బొమ్మ మీద నేను రెజిస్టాక్స్‌లో పదును పెంచే స్లైడర్లు లాగుతున్నాను.

ఆ లాగడం కూడా ఎలా? రెజిస్టాక్స్‌లో ఆరు లేయర్లు ఉంటాయి. మొదటిది అతి సన్నని వివరాలకి, కిందికి పోయేకొద్దీ పెద్దవాటికి. సన్నని వివరాలే కదా కావాలి అని మొదటి స్లైడర్‌ని చివరిదాకా తోసేశాను. స్క్రీన్ మీద చంద్రుడు ఒక్కసారి 'ఠక్'మని తేటపడతాడు. ఆ క్షణం చాలా ప్రమాదం. కళ్ళు దానికి అలవాటుపడిపోయి ఇంకొంచెం, ఇంకొంచెం అంటాయి.

అమ్మ మాట తర్వాత కూడా పూర్తిగా బుద్ధి రాలేదు. చంద్రుడి మీది ప్లేటో అనే పెద్ద గుంట (బిలం) సంగతి చెప్పాలి. సుమారు వంద కిలోమీటర్ల వెడల్పు, అడుగున లావా గట్టిపడి నల్లటి పళ్ళెంలా ఉంటుంది. ఆ పళ్ళెంలో రెండు, రెండున్నర కిలోమీటర్ల చిన్న గుంటలు కొన్ని ఉన్నాయి. మాలాంటి వాళ్ళకి అదే పరీక్ష పేపరు. శుద్ధ నవమి, దశమి రాత్రుల్లో అక్కడ ఎండ ఏటవాలుగా పడుతుంది. నా ఫొటోలో ఏడు లెక్కపెట్టాను. ఏడు! స్నేహితులకి బాణం గుర్తులు పెట్టి మరీ పంపించాను. తర్వాత, ఊరికే సరిచూద్దామని, చంద్రుడి చుట్టూ తిరిగే నాసా వాళ్ళ ఎల్‌ఆర్‌ఓ నౌక 2009 నుంచి తీస్తున్న ఫొటోలతో చేసిన పటం తెరిచి పక్కన పెట్టుకున్నాను. మూడే సరిపోయాయి. నా మిగతా నాలుగు గుంటలు చంద్రుడి మీద లేవు. పైగా పటంలో స్పష్టంగా ఉన్న ఒక గుంట నా ఫొటోలో లేదు. ఉన్నదాన్ని వదిలేసి లేనివి నాలుగు తవ్వి పెట్టానన్నమాట.

ఆ రోజు కాగితం, పెన్ను పట్టుకుని కూర్చుంటే విషయం తెలిసింది. నా అద్దం చూపించగలిగే అతి చిన్న వివరం దాదాపు రెండున్నర పిక్సెళ్ళ సైజు. మొదటి లేయర్ పనిచేసేది ఒక పిక్సెల్ సైజు మీద. అంటే ఆ లేయర్‌లో చంద్రుడి తాలూకు సరుకేమీ లేదు, ఉన్నదంతా కెమెరా గరగరే. నేను దానికే పదును పెట్టాను. ఇప్పుడు మొదటి స్లైడర్‌ని ముట్టుకోను, దానికున్న డీనాయిస్, అంటే గరగరని తగ్గించే సెట్టింగు, మాత్రం కొంచెం పెంచుతాను. రెండు, మూడు లేయర్లే పని చేసేవి. నచ్చిన చోటికి వచ్చాక అక్కడి నుంచి మూడో వంతు వెనక్కి తెస్తాను. ఫైల్ సేవ్ చేసి, కంప్యూటర్ మూసేసి, పొద్దున్నే చూస్తాను. రాత్రి రెండింటికి అద్భుతంగా కనిపించిన ఫొటో పొద్దున కాఫీ టైముకి అలా ఉండదు.

తెల్లటి అంచుల సంగతి వేరు. రికార్డింగ్‌లోనే వెలుగు ఎక్కువ పెట్టేవాణ్ణి. పదును పెడితే తెలుపు ఇంకా తెల్లబడుతుంది, బిలాల అంచులు కాలిపోయినట్టవుతాయి. వెలుగు ఎంత పడుతోందో చూపించే హిస్టోగ్రామ్ 65 శాతం దాటకుండా తీయడం మొదలుపెట్టాక ఆ బాధ చాలావరకు పోయింది.

అసలు పెద్ద మార్పు మాత్రం సాఫ్ట్‌వేర్‌లో రాలేదు. మాది హైదరాబాద్‌లో మూడో అంతస్తు పైన డాబా. మార్చి నుంచి పగలంతా ఎండ తాగిన కాంక్రీటు రాత్రి పదింటికి కూడా అరికాళ్ళకి వెచ్చగా తగులుతుంది. ఆ వేడి నేరుగా టెలిస్కోప్ ముందు నుంచే పైకి లేస్తుంది. ఒకరోజు సాయంత్రం ఆరింటికే నాలుగు బకెట్ల నీళ్ళు డాబా అంతా పోశాను. "ఈ వేళప్పుడు కళ్ళాపి ఏంట్రా? ముగ్గు కూడా వేస్తావా?" అని అమ్మ. టెలిస్కోప్‌ని గంట ముందే బయట పెట్టి చల్లారనిచ్చాను. ఆ రాత్రి లాప్‌టాప్‌లో చంద్రుడి అంచు ఉడికే అన్నంలా కాకుండా, గాలికి ఊగే చీర అంచులా నెమ్మదిగా కదిలింది. ఒకే చోటువి ఐదు వీడియోలు తీసి, పిప్ అనే సాఫ్ట్‌వేర్‌తో కలిపి, 4000 ఫ్రేముల్లో 400 ఏరి పేర్చాను. పదును పెట్టకముందే అది నా పాత 'షార్ప్' ఫొటో కంటే బాగుంది.

ఇప్పుడు ఇంకో అలవాటు చేసుకున్నాను. ఒకే రాత్రి తీసిన వీడియోలని రెండు కుప్పలు చేసి, విడివిడిగా పేర్చి, రెండింటికీ ఒకే సెట్టింగులతో పదును పెడతాను. రెండింటిలోనూ కనిపిస్తేనే అది చంద్రుడి మీద ఉన్నట్టు. గరగర ఒకే చోట రెండుసార్లు పుట్టడం అరుదు. ఈ పద్ధతిలో ప్లేటోలో నాకు నాలుగు గుంటలు నిలిచాయి. ఏడు పంపిన స్నేహితులకి మళ్ళీ ఫొటో పంపించాను, బాణాలు లేకుండా.

పోయిన అష్టమికి చంద్రుడి మీది ఆల్ప్స్ లోయ తీశాను. 166 కిలోమీటర్ల పొడవున గొడ్డలితో నరికినట్టుండే లోయ, దాని నడుమ కిలోమీటరు కూడా వెడల్పు లేని సన్నని కాలువ. చిన్న గుంటకంటే పొడవాటి గీత తేలిగ్గా దొరుకుతుంది కాబట్టి ఆశ పెట్టుకున్నాను. మొదటి కుప్పలో కాలువ మూడు ముక్కలుగా కనిపించింది. రెండో దానిలో ఒక్క ముక్కే ఉంది, అదీ కాస్త పక్కకి జరిగి. మొదటి దాన్ని ఒక్కదాన్నే అమ్మకి చూపిస్తే "ఇది బాగుందిరా, నున్నగా ఉంది" అంది. ఆ ఫైలు 'అనుమానం' అనే ఫోల్డర్‌లో వేశాను. అందులో ఇప్పటికి పదకొండు ఉన్నాయి.