మూడో ఫ్లాస్కులో బతికిన పారామీషియం

ఎమ్మెస్సీ ప్రాజెక్టులో నాకు అప్పగించిన మొదటి పని పారామీషియం కాడేటమ్‌ను ల్యాబ్‌లో పెంచడం. ఒకే కణం ఉన్న జీవి, పెద్ద కష్టమేమీ ఉండదనుకున్నాను. రెండు కల్చర్లు, అంటే ఫ్లాస్కులో పెంచిన కణాల గుంపులు, పోయాక గానీ దానికేం కావాలో అర్థం కాలేదు.

మొదటిసారి శుభ్రత మీదే నా ధ్యాసంతా. గోధుమ గింజలు ఉడికించిన నీళ్లు వడకట్టి, 121 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు ఆటోక్లేవ్ చేశాను, అంటే ఒత్తిడితో కూడిన ఆవిరిలో ఉంచి సూక్ష్మజీవులన్నిటినీ చంపాను. సన్నటి పిపెట్‌తో (ద్రవాన్ని పీల్చి తీసే గొట్టం) కణాలను ఒక్కొక్కటిగా ఏరి, శుభ్రమైన ద్రవంలో మూడు నాలుగు సార్లు కడిగి మరీ వేశాను. రోజులు గడిచేకొద్దీ అవి సన్నబడ్డాయి. వారం తిరిగేసరికి ఒక్కటీ మిగల్లేదు. సీనియర్ అక్క స్లైడు చూసి, "ఇందులో బ్యాక్టీరియా ఏదమ్మా? ఇవి ఏం తిని బతకాలి?" అంది. ఆ మాటతో కళ్లు తెరుచుకున్నాయి. గోధుమ నీళ్లు బ్యాక్టీరియాకు తిండి, పారామీషియానికి తిండి ఆ బ్యాక్టీరియా. నేను కడిగి పారేసింది దాని అన్నాన్నే.

రెండోసారి బ్యాక్టీరియాను ముందురోజే వేసి పెంచాను. త్వరగా పెరగాలన్న ఆత్రంలో గింజలు గుప్పెడు వేసి, మూత గట్టిగా బిగించాను. రెండు రోజులకు నీళ్లు పాలు కలిపినట్టు తెల్లబడ్డాయి. మూత తీస్తే కుళ్లు వాసన. కణాలన్నీ పైకి వచ్చి, గాజు అంచు వెంబడి సన్నటి తెల్లని గీతలా చేరాయి. విపరీతంగా పెరిగిన బ్యాక్టీరియా నీళ్లలోని ఆక్సిజన్ అంతా వాడేసుకుంటే, ఇవి గాలి అందే చోటికి చేరాయన్నమాట. మర్నాటికి ఆ గీత కూడా లేదు. ఆ రోజు నాకు నిజంగా బాధేసింది.

మూడోసారి అక్క పక్కనే ఉంది. క్లోరిన్ ఉంటుందని కుళాయి నీళ్లు వద్దంది. ఉత్త డిస్టిల్డ్ వాటర్‌లో లవణాలుండవు కాబట్టి, సోడియం, పొటాషియం, కాల్షియం క్లోరైడ్లు చాలా కొద్ది మోతాదులో కలిపే చాక్లీ ద్రావణం చేశాం. 100 మిల్లీలీటర్లకు ఉడికించిన గింజలు నాలుగే. వెడల్పాటి ఫ్లాస్కులో తక్కువ లోతున పోసి, గాలి ఆడేలా దూది బిరడా పెట్టి, ఎండ తగలని చోట 22 డిగ్రీల దగ్గర ఉంచాం. ఇంకో సంగతి, సబ్బు తగిలిన గాజు సామాను వీటి దగ్గరికి రానివ్వకూడదు. డిటర్జెంట్ జాడ కూడా వీటికి విషమే. అందుకే మా పిపెట్లు ఇప్పటికీ విడిగానే ఉంటాయి.

ఐదో రోజు ఒక చుక్క తీసి మైక్రోస్కోప్ కింద పెట్టాను. చెప్పు అడుగులాంటి కణాలు గిరగిరా తిరుగుతూ ఈదుతున్నాయి. వాటిలో ఒకదానికి మధ్యలో నడుము ఏర్పడింది. చూస్తుండగానే అది దారమంత సన్నబడింది. రెండు సగాలూ కాసేపు ఒకదాన్నొకటి లాక్కుంటూ ఈది, విడిపోయి చెరో దిక్కుకు వెళ్లాయి. కంటిచూపు తిప్పుకోలేకపోయాను. "అక్కా, ఇలా రా!" అని కేకేశాను.

ఆ కల్చర్‌నే రెండు మూడు వారాలకోసారి కొత్త ద్రవంలోకి మారుస్తూ వస్తున్నాను. ఒకటి పాడైనా ఇంకొకటి ఉండేలా ఎప్పుడూ రెండు ఫ్లాస్కులు నడుపుతాను.