తొక్కు జాడీలో మూడు జలగలు

మా వంటగది కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని మూలలో, ఒకప్పుడు మామిడికాయ తొక్కు నిలవ చేసిన ఐదు లీటర్ల గాజు జాడీ ఒకటి ఉంటుంది. దాని మూతికి మా బాపు పాత ధోవతి ముక్కను రెండు మడతలు వేసి, ముందు రబ్బరు బ్యాండుతోనూ, ఆపైన సుతిలితోనూ బిగించి కట్టి ఉంచుతాము. హనుమకొండలో మా ఇంటికి వచ్చే చుట్టాలలో ఆ జాడీలో ఏముందని అడగని వారు లేరు. చెప్పిన తరువాత అక్కడే కూర్చొని చాయ పూర్తిగా తాగిన వారు మాత్రం నాకు గుర్తున్నంతవరకు ఇద్దరే. అందులో ఉన్నవి మూడు జలగలు, మూడేళ్ళుగా నేను పెంచుకుంటున్నవి.

నేను డిగ్రీ కళాశాలలో జంతుశాస్త్రం చెబుతాను. మేము చదువుకునే రోజుల్లో జలగ అంటే ఫార్మలిన్ వాసనతో బిరుసెక్కి, మైనపు పళ్ళెంలో గుండుసూదుల మధ్య వెల్లకిలా పడి ఉండే ఒక ప్రాక్టికల్ పరీక్ష. ముప్పై మూడు ఖండితాలు, ఐదు జతల కళ్ళు, మూడు దవడలు, పదకొండు జతల ముష్కాలు అని నేను వల్లె వేశాను, ఆ తరువాత ఇరవై ఏళ్ళు పిల్లల చేత వల్లె వేయించాను. కానీ బతికిన జలగ నీళ్ళలో ఎట్లా ఈదుతుందని ఒక విద్యార్థిని అడిగిన రోజున, పాములాగా అని చెప్పి తప్పించుకున్నాను. అది తప్పు. పాము పక్కలకు మెలికలు తిరుగుతుంది, జలగ రిబ్బను ముక్కలాగా చదునై పైకీ కిందికీ అలలు తీస్తూ పోతుంది. ఈ సంగతి నేను మా ఊరి కుంటలో కళ్ళారా చూసేవరకు నా నోటి వెంట సరిగ్గా రాలేదు.

మా ఊరు నర్సంపేట దగ్గర, పాకాల చెరువు ఆయకట్టు కింద ఉంటుంది. కాకతీయుల కాలంలో, గణపతిదేవుని ఏలుబడిలో, 1213 ప్రాంతంలో కట్టిన ఆ చెరువు నీళ్ళతోనే ఇప్పటికీ అక్కడ నాట్లు పడతాయి. నాటు వేసే ఆడవాళ్ళు గట్టెక్కగానే మొదట పిక్కలు తడిమి చూసుకోవడం నా చిన్నతనం నుంచి ఎరిగిన దృశ్యమే. మూడేళ్ళ కింద వానకాలం సెలవు రోజున బాపు బర్రెను కుంటలో కడుగుతుంటే, దాని పొదుగు పక్కన వేలెడు పొడవున్న జలగలు ఐదు కనిపించాయి. వాటిని గోటితో ఒకటొకటిగా విడదీసి నీళ్ళ సీసాలో వేసుకున్నాను. ఎందుకురా అని అడిగితే పెంచుకుంటానన్నాను. బాపు కాసేపు నా ముఖం చూసి, “పెంచుకో బిడ్డా. కడుపు నిండితే జలగ ఇడుస్తది, షావుకారి ఇడువడు. నేను ఇద్దరినీ సూసిన” అన్నాడు.

ఆ ఐదూ వారం తిరగకుండా చచ్చిపోయాయి. నేరం పూర్తిగా నాదే. జాడీలో అప్పుడే పట్టిన నల్లా నీళ్ళు పోశాను. అందులోని క్లోరిన్ మనకు వాసన కూడా తెలియనంత తక్కువే కావచ్చు, కానీ ఒళ్ళంతా తడి చర్మంతోనే ఊపిరి పీల్చే ప్రాణికి అది చిన్న సంగతి కాదు. రెండో రోజుకు రెండు జలగలు ఒళ్ళంతా జిగట కారుస్తూ, మెలికలు పడి అడుగున ఉండిపోయాయి. కంగారుపడి మిగిలిన మూడింటిని, ఇంట్లో అందరమూ ఆరోగ్యానికి మంచివని తాగే రాగి బిందెలోని నీళ్ళలోకి మార్చాను. తెల్లవారేసరికి అవీ లేవు. నత్తలను చంపడానికి చెరువుల్లో రాగి లవణమైన మైలుతుత్తం వాడతారని, అది జలగలను కూడా వదలదని తరగతిలో చెప్పిన వాణ్ణే నేను. రాత్రంతా తెరిచి ఉంచితే నీళ్ళలోని క్లోరిన్ చాలావరకు గాలిలో కలిసిపోతుంది, కరిగిన రాగి మాత్రం ఎక్కడికీ పోదు. చెప్పే పాఠానికీ చేసే పనికీ మధ్య ఇంత దూరం ఉంటుందని ఆ రోజు సిగ్గుపడ్డాను.

రెండోసారి మొదలుపెట్టే ముందు, ఆయుర్వేదం చదివిన మిత్రుడొకరు సుశ్రుత సంహితలోని సూత్రస్థానం పదమూడో అధ్యాయం చూడమన్నారు. ఆ అధ్యాయమంతా జలగల గురించే. విషం గలవి ఆరు, విషం లేనివి ఆరు అని పన్నెండు రకాలను చెప్పడం చాలామందికి తెలిసిన విషయమే. నన్ను ఆకట్టుకున్నది అది కాదు, వాటిని ఇంట్లో ఎట్లా ఉంచాలో చెప్పిన నాలుగు మాటలు. కొత్తదీ పెద్దదీ అయిన కుండ తీసుకొని అందులో చెరువు నీళ్ళూ చెరువు బురదా వేయాలి, పడకకు గడ్డీ నీటి మొక్కల ఆకులూ పరవాలి, రెండు మూడు రోజులకొకసారి నీళ్ళు మార్చాలి, ఏడు రాత్రులకొకసారి కుండనే మార్చాలి. తిండికి నాచు, ఎండుమాంసం, నీటి దుంపల పొడి వేయమనడం మాత్రం నాకు పొసగలేదు. మన చెరువుల్లో ఉండే పశువుల జలగ నెత్తురు తప్ప వేరొకటి ముట్టదు, ఆ పొడి వేస్తే నీళ్ళే పాడవుతాయి. కానీ నీళ్ళ లెక్క, కుండ లెక్క విషయంలో ఆ మాట రాసిన మనిషి జలగలను దగ్గర పెట్టుకొని చూశాడనడానికి నాకు అనుమానం లేదు. ఎందుకంటే జలగ కొన్ని రోజులకొకసారి ఒంటి మీది పలుచని పొరను విడుస్తుంది. అది సాలెగూడు తడిసినట్టు నీళ్ళలో తేలుతూ, రెండు రోజులు వదిలేస్తే కుళ్ళి వాసన పడుతుంది. వారం దాటితే పాత్ర గోడలకు జిగట పట్టి, ఎంత మంచి నీళ్ళు పోసినా మురిగిపోతాయి.

ఇప్పుడు నేను పాటించేది దాదాపు ఆ పద్ధతే. చెరువు నీళ్ళ బదులు మా ఊరి చేదబావి నీళ్ళు తెచ్చుకుంటాను, అవి లేనినాడు నల్లా నీళ్ళను వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బులో రెండు రోజులు తెరిచి ఉంచి వాడతాను. జాడీని సబ్బు తగలనీయకుండా ఉత్త నీళ్ళతోనే కడుగుతాను. తొక్కు జాడీ కాబట్టి మొదట్లో ఉప్పు పోవడానికి పది రోజులు నానబెట్టి కడగవలసి వచ్చింది.

తిండి సంగతి అందరూ అడుగుతారు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. కడుపు నిండా తాగిన జలగ తన బరువుకు కొన్ని రెట్ల నెత్తురు పట్టుకుంటుంది. అందులోని నీళ్ళనూ లవణాలనూ కొద్ది రోజుల్లో బయటికి పంపేసి, మిగిలిన చిక్కటి నెత్తురును అన్నాశయంలో దాచుకొని నెలల తరబడి నిదానంగా అరిగించుకుంటుంది. అందువల్ల ఏడాదికి రెండుసార్లు పెడితే చాలు. ఆ రెండు ఆదివారాలు పొద్దున్నే స్టీలు డబ్బా పట్టుకొని మటన్ దుకాణానికి పోతాను. మా దగ్గర నల్లా అంటే కుళాయి, నల్ల అంటే మేక నెత్తురు. గడ్డకట్టిన నల్లను ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ వేసి వేపుతారు కాబట్టి, గడ్డకట్టకముందే ఇమ్మనే గిరాకీ ఆ దుకాణదారుకు నేనొక్కణ్ణే. “పల్సగ ఉంటె కూర గాదు సార్, పది నిమిషాలు ఆగుండ్రి” అని ఆయన ప్రతిసారీ హితవు చెబుతాడు. నేను ఆగకుండా అక్కడే వెదురు పుల్లల కట్టతో నెత్తురును గిలకొడుతూ నిలబడతాను. ఐదారు నిమిషాలకు పుల్లలకు తెల్లటి పీచు లాంటి దారాలు చుట్టుకుంటాయి. అదే ఫైబ్రిన్, అది పోతే ఇక నెత్తురు గడ్డకట్టదు.

ఇంటికి వచ్చి, శుభ్రంగా కడిగిన బోటి పేగు ముక్కలో ఆ నెత్తురు పోసి రెండు కొసలూ దారంతో కట్టి, గోరువెచ్చని నీళ్ళలో కాసేపు ఉంచి, ఒళ్ళు వెచ్చదనం రాగానే జలగల దగ్గర పెడతాను. నీళ్ళు కదిలిన జాడకే అవి తల ఎత్తుతాయి. సన్నటి ముందు కొసతో పేగును అక్కడక్కడ తడిమి, ఒకచోట మెడ వంచిన కొంగలాగా ఒంగి, కదలకుండా ఆగిపోతుంది. ఆ తరువాత తల నుంచి వెనక్కి, గుటకలు వేస్తున్నట్టు, సన్నటి అలలు ఒకదాని వెంట ఒకటి పోవడం కనిపిస్తుంది. అరగంటలో వేలెడు పట్టీ కాస్తా బొటనవేలంత లావెక్కి, ఆకుపచ్చ వీపు సాగి, పక్కల నారింజ చార వెడల్పై, తనంతట తానే ఊడి అడుగుకు జారుతుంది. మొదట చూసినప్పుడు మా చిన్నోడు “బాపు తాత చెప్పింది నిజమే” అన్నాడు.

నా నెత్తురు ఒక్కసారే తాగింది, అదీ నా అజాగ్రత్త వల్ల. నీళ్ళు మార్చేటప్పుడు మణికట్టు లోపలి వైపు పట్టుకుంది. గండుచీమ కుట్టినట్టు ఒక్క చురుకు, ఆ తరువాత ఏమీ తెలియలేదు. ఉప్పో సున్నమో వేస్తే ఊడుతుందని అందరికీ తెలుసు, కానీ అట్లా చేస్తే తాగినదాన్ని గాయంలోనే కక్కుతుంది, దాని పేగుల్లోని బాక్టీరియా మన ఒంట్లోకి చేరుతుంది. సన్నని కొస కింద గోరు దూర్చి ముందు నోటిని, తరువాత వెనుక కొసను విడదీయడమే సరైన పద్ధతి. ఆ పని నాకు తెలిసి కూడా, చూద్దామన్న యావ కొద్దీ ఇరవై ఐదు నిమిషాలు అట్లాగే కూర్చున్నాను. అది ఊడిన చోట మూడు దారులు కలిసే కూడలి లాంటి చిన్న గుర్తు మిగిలింది, మూడు దవడలకు మూడు గీతలు. నెత్తురు మాత్రం సాయంత్రం దాకా ఊరుతూనే ఉంది, దూది నాలుగుసార్లు మార్చాను. ఐరోపా జలగ లాలాజలంలో నెత్తురు గడ్డకట్టకుండా ఆపే పదార్థం ఉందని జాన్ హేక్రాఫ్ట్ 1884లో గుర్తించాడు. తరువాత దానికి హిరుడిన్ అని పేరు పెట్టారు. మన జలగల్లోనూ ఆ జాతి పదార్థమే ఉంది. తెగిన వేలిని తిరిగి కుట్టినప్పుడు అందులో నిలిచిపోయే నెత్తురును తీయడానికి అమెరికాలో 2004 నుంచి జలగల వాడకానికి అధికారిక అనుమతి ఉంది. అయితే అవి ఆ పని కోసమే పెంచినవి, ఒక రోగికి వాడినదాన్ని మరొకరికి వాడరు. చెరువులో పట్టిన జలగను ఎవరూ సరదాకు ఒంటి మీద వేసుకోవద్దు. నెత్తురు పలుచబడే మందులు వాడేవారు, నెత్తురు తక్కువ ఉన్నవారు జాడీ దగ్గర చేయి కూడా పెట్టవద్దు.

ఇంగ్లండులో మెరీవెదర్ అనే వైద్యుడు పన్నెండు సీసాల్లో పన్నెండు జలగలను పెట్టి, తుఫాను వచ్చే ముందు అవి పైకెక్కి గంట మోగించేటట్టు ఒక యంత్రం చేసి 1851లో లండన్ ప్రదర్శనలో ఉంచాడు. మావి కూడా మృగశిర కార్తెకు ముందు ఉక్కపోత రోజుల్లో జాడీ మూతి దాకా ఎక్కుతాయి. వాన రాకకు కాదని నా అభిప్రాయం. నీళ్ళు వేడెక్కితే అందులో ప్రాణవాయువు తగ్గుతుంది, అందుకే గాలి కోసం పైకి వస్తాయి. వాన పడని రోజున కూడా ఎక్కడం చాలాసార్లు చూశాను.

పైకెక్కడం వల్లనే మా ఇంట్లో ఒకసారి పెద్ద గొడవ జరిగింది. అప్పట్లో సన్న రంధ్రాలు చేసిన ప్లాస్టిక్ మూత పెట్టేవాణ్ణి. అగ్గిపుల్ల పట్టే రంధ్రం గుండా వేలంత జలగ దారంలా సాగి బయటపడగలదని నేను ఊహించలేదు. రాత్రి లెక్కపెడితే రెండే ఉన్నాయి. ఇంట్లో వాళ్ళకు చెప్పకుండా టార్చి పట్టుకొని సింకు కింద, బియ్యం డ్రమ్ము వెనుక, దేవుని గూట్లో కూడా వెతికాను. పొద్దున వాకిలి ఊడ్చడానికి గుమ్మం ముందరి తడి గోనెపట్టా లేపిన మా ఇంటావిడ చీపురు అక్కడే వదిలి, పాలవాడు నిలబడి చూస్తుండగానే నన్ను పూర్తి పేరు పెట్టి పిలిచింది. తడి ఉన్నంతసేపు జలగ ఎంత దూరమైనా పోతుంది, పొడి నేల మీద మాత్రం తొందరగా ఎండిపోతుంది. ఆ పట్టా తడిగా ఉండబట్టే బతికింది.

ధోవతి ముక్క ఆలోచన ఆమెదే. రోజూ రాత్రి పొయ్యి తుడిచి, గ్యాసు కట్టేసి, చివరగా జాడీని దీపానికి ఎదురుగా ఎత్తి మూడు ఉన్నాయో లేదో లెక్కపెట్టుకొని, సుతిలి ముడి తానే బిగిస్తుంది. వాటిని ముట్టుకోదు, వాటి పేరు ఎత్తదు. ఈ నెల వాటికి తిండి పెట్టి ఐదు నెలలు నిండాయి. నిన్న రాత్రి ముడి వేస్తూ, మటన్ దుకాణానికి ఈ ఆదివారమా, వచ్చే ఆదివారమా అని అడిగింది.