ట్యూబు వెనకవైపు రాతలు

బుగ్గల మీద మంగు వచ్చాక సన్‌స్క్రీన్ ట్యూబులు తిప్పి వెనకవైపు చదవడం అలవాటైంది. ముందు పెద్ద అక్షరాల్లో ఉండే ఎస్‌పీఎఫ్ అంకె ప్రధానంగా యూవీబీ లెక్క, అంటే ఎండలోని అతినీలలోహిత (యూవీ) కిరణాల్లో చర్మాన్ని కమిలించే రకం. చర్మంలో ఇంకా లోతుకు దిగే యూవీఏ రకం సంగతి జపాన్ వాళ్లు మొదలుపెట్టిన పీఏ ప్లస్ గుర్తులు చెబుతాయి.

అవోబెంజోన్ అనే ఫిల్టర్ (యూవీని ఆపే పదార్థం) కనిపిస్తే పక్కన ఆక్టోక్రిలీన్ అనే ఇంకో ఫిల్టర్ ఉందా అని వెతుకుతాను. అవోబెంజోన్ యూవీఏను బాగా పీల్చుకుంటుంది గానీ ఆ ఎండకే విరిగిపోతుంది. ఆక్టోక్రిలీన్ దాన్ని నిలబెడుతుంది. ఎండ నుంచి కాపాడేదానికే ఎండ పడదు, చూడండి!

జింక్ ఆక్సైడ్ అనే మరో ఫిల్టర్‌కు ఆ బెడద లేదు. కానీ మన చామనఛాయ మీద తెల్లగా తేలుతుంది. అది రాసుకుని బయల్దేరితే మా అత్తయ్య "ఏమే, నాటకంలో వేషం ఉందా?" అంది.

చివరికి డాక్టరుగారు రంగు కలిపిన రకం రాయమన్నారు. మంగును ముదిరించేది యూవీ ఒక్కటే కాదట, కంటికి కనిపించే వెలుగు కూడానట. మామూలు ఫిల్టర్లు దాన్ని పెద్దగా ఆపవు. ఈ రంగులోని ఐరన్ ఆక్సైడ్లు కొంత ఆపుతాయి. మచ్చలు పోలేదు, ముదరడం మాత్రం ఆగింది.

ధరే మండిపోతోంది. ముఖానికి, మెడకు కలిపి రెండు వేళ్ల పొడవునా తీసుకోవాలంటారు. మెడ దగ్గరికి వచ్చేసరికి నాకు పిసినారితనం వచ్చేస్తోంది.