సెన్సరు బ్యాటరీ అయిపోతోందని ముందే తెలియాలంటే

విజయనగరంలోని మా ఇంట్లో అమ్మా నాన్నగారూ ఇద్దరే ఉంటారు. ఉద్యోగరీత్యా నేను హైదరాబాదులో ఉంటున్నాను. వీధి తలుపుకున్న స్మార్ట్ తాళం, పెరటి తలుపు సెన్సరు, మేడమీద ట్యాంకు పొర్లితే తెలిపే సెన్సరు, ఇవన్నీ ఇంట్లోని స్మార్ట్ పరికరాలను ఒకచోట నుంచి నడిపే హోమ్ అసిస్టెంట్ అనే సాఫ్ట్‌వేర్‌కు కలిపి ఉన్నాయి, అన్నీ బ్యాటరీతోనే నడుస్తాయి. ఇలాంటి ఏర్పాటులో అలర్టు పెట్టమంటే చాలామంది ఒకే పని చేస్తారు: బ్యాటరీ 20 శాతం కంటే తగ్గితే ఫోనుకు సందేశం పంపమని ఒక ఆటోమేషన్ రాసి ఊరుకుంటారు. నా ఉద్దేశంలో అది సగం పని మాత్రమే.

తెర మీద కనబడే శాతం చాలా పరికరాల్లో వోల్టేజిని బట్టి వేసిన అంచనాయే. తలుపు సెన్సర్లలో వాడే సిఆర్ 2032 బిళ్ల బ్యాటరీ 3 వోల్టులది. దాని వోల్టేజి జీవితకాలంలో ఎక్కువ భాగం దాదాపు నిలకడగా ఉండి, చివరికొచ్చేసరికి ఒక్కసారిగా జారిపోతుంది. అందువల్ల నెలల తరబడి నిండుగా కనబడిన సెన్సరు, 20 శాతం అనే గీత దాటిన కొద్ది రోజులకే మూగబోవచ్చు. ఇందుకు విరుద్ధంగా, 1.5 వోల్టుల పెన్సిల్ సెల్లు ఉండవలసిన చోట 1.2 వోల్టుల రీచార్జబుల్ సెల్లు వేస్తే, పూర్తిగా ఛార్జి చేసినవి కూడా మొదటి రోజు నుంచే తక్కువ శాతం చూపించి అనవసరంగా కంగారు పెడతాయి.

అంతకంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది. బ్యాటరీ పూర్తిగా అయిపోయిన సెన్సరు తాను ఆగిపోయానని చెప్పలేదు. చివరిసారి పంపిన 34 శాతమో, 41 శాతమో తెర మీద అలాగే నిలిచిపోతుంది. కాబట్టి శాతంతో పాటు మౌనాన్ని కూడా గమనించాలి. జిగ్‌బీ అనే వైర్‌లెస్ పద్ధతిలో మాట్లాడే సెన్సర్లను హోమ్ అసిస్టెంట్‌కు కలపడానికి జిగ్‌బీ టు ఎమ్‌క్యూటీటీ అనే సాఫ్ట్‌వేర్ వాడేవారు అవైలబిలిటీ అనే సదుపాయాన్ని ఆన్ చేసుకుంటే, బ్యాటరీ పరికరం 25 గంటల పాటు ఉలుకూ పలుకూ లేకుండా ఉన్నప్పుడు దాన్ని ఆఫ్‌లైన్‌గా గుర్తిస్తుంది. అదే పని చేసే, హోమ్ అసిస్టెంట్‌లోనే ఉండే జెడ్‌హెచ్‌ఏలో ఆ గడువు మామూలుగా 6 గంటలు. అయితే మా ప్రాంతంలో కరెంటు పోయి వచ్చినప్పుడల్లా పరికరాలన్నీ ఒక్కసారిగా మాయమై మళ్లీ ఒక్కొక్కటిగా కనబడతాయి గనుక, ఒకేసారి మూడు నాలుగు పరికరాలు మౌనం వహిస్తే అది బ్యాటరీల దోషం కాదు, వీటన్నిటినీ కలిపి ఉంచే హబ్బుదో కరెంటుదో అని భావించి అలర్టును ఆపే షరతు తప్పనిసరిగా పెట్టాలి.

ఇక సందేశం ఎప్పుడు వెళ్లాలన్నది. శాతం గీత దాటిన క్షణంలోనే పంపే ట్రిగ్గరును నేను తీసేశాను. అది అర్ధరాత్రి కూడా మోగుతుంది, హబ్బు సరిగ్గా ఆ సమయంలో ఆగి ఉంటే అసలు మోగకపోవచ్చు కూడా. “ఏటిది, తెల్లారకుండానే టింగుమంటోంది?” అని అమ్మ విసుక్కున్న తరువాత, బ్యాటరీ పరికరాలన్నిటినీ రోజుకొకసారి ఉదయం 8 గంటలకు పరిశీలించి, ఏదైనా లోపముంటేనే ఒకే సందేశం పంపేలా మార్చాను. నాన్నగారు గంటస్తంభం వైపు కూరగాయలకు బయలుదేరేది ఆ తరువాతే. ఆ సందేశంలో ఏ గదిలోని ఏ పరికరమో, దానికి ఏ సెల్లు కావాలో స్పష్టంగా ఉండాలి. 2032 అడగబోయి 2450 తెస్తే అది గూటిలో పట్టదు, ఎందుకంటే మొదటిది 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం అయితే, రెండోది 24.5 మిల్లీమీటర్ల వెడల్పు, 5 మిల్లీమీటర్ల మందం. ఏ పరికరానికి ఏ సెల్లో, దాన్ని చివరిసారి ఎప్పుడు మార్చామో రాసిపెట్టుకోవడానికి హోమ్ అసిస్టెంట్‌కు తగిలించుకునే బ్యాటరీ నోట్స్ అనే అదనపు ఇంటిగ్రేషన్ బాగా ఉపయోగపడుతుంది.

తాళం సంగతి వేరు. దాని మోటారు తిరిగే క్షణంలో సెల్లుల మీద భారం పడి వోల్టేజి పడిపోతుంది కాబట్టి, ఊరికే ఉన్నప్పుడు కనబడే శాతాన్ని నమ్మి కూర్చోకూడదు. దానికి మాత్రం హెచ్చరిక గీతను 40 శాతం దగ్గర పెట్టాను. పైగా మా వైపు తుపాన్ల భయం కూడా అక్టోబరులోనే: హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న, తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11న తీరం దాటాయి. దసరా వెళ్లిన మంగళవారం జరిగే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి చుట్టాలు దిగితే ఆ తలుపు రోజంతా తెరుచుకుంటూనే ఉంటుంది. అందుకే శాతం ఎంత చూపినా సరే, ఆయుధపూజ నాడు తాళానికి కొత్త ఆల్కలైన్ సెల్లులు వేయమని క్యాలెండరులోనే గుర్తు పెట్టాను. ఇలాంటి తాళాలు చాలావాటికి, లోపలి సెల్లులు చచ్చిపోతే బయటి నుంచి 9 వోల్టుల బ్యాటరీని ఆనించి తెరవడానికి అడుగున రెండు లోహపు చుక్కలుంటాయి. ఆ బ్యాటరీని బీరువాలో భద్రపరచుకునేవారిని చూశాను. తాళం పడ్డ ఇంటి లోపల అది ఎవరికి పనికొస్తుందో తెలియదు. మాది పక్కింటి పిన్నిగారి దగ్గర, మామూలు తాళంచెవితో పాటు ఉంటుంది.

తీసేసిన బిళ్ల బ్యాటరీలను మాత్రం బల్ల మీద వదిలేయవద్దని ఇంట్లో గట్టిగా చెప్పాను. పసిపిల్లలు మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోయే ప్రమాదముంది కనుక, రెండు వైపులా టేపు అంటించి, మూత బిగువుగా ఉన్న డబ్బాలో వేసి పై అరలో పెడుతున్నారు.