సామాను తేల్చుకున్నాకే గది వెతికాను

అందరూ ముందు గది చూసుకుని, తర్వాత సామాను సర్దుకుంటారు. నేను వరస మార్చాను. నాతో ఏమేం ఉంచుకోవాలో తేల్చుకున్నాకే గది వేట మొదలుపెట్టాను. జూనియర్లు ఎవరు అడిగినా ఇదే చెప్తున్నాను, ఎందుకంటే కాలేజీకి నడిచి వెళ్లేంత దగ్గర్లో నాకు చోటు దొరికింది దీనివల్లే.

హాస్టల్ గడువు దగ్గరపడేసరికి టెన్షన్ పట్టుకుంది. దగ్గర్లో నా బడ్జెట్‌కి అందేవన్నీ చిన్న గదులు. పెద్దది కావాలంటే రోజూ రెండు బస్సులు మారాలి. చదివేది ఆర్కిటెక్చర్ కాబట్టి కొలతల టేపు ఎప్పుడూ బ్యాగులోనే ఉంటుంది. ఒక కాగితం తీసుకుని లెక్క వేశాను. మంచం 6 బై 3 అంటే 18 చదరపు అడుగులు, బల్ల 4 బై 2 అంటే 8, బీరువా 3 బై 2 అంటే 6. మొత్తం 32. పది బై పది గదిలో ఇవన్నీ పెట్టినా ఇంకా 68 మిగలాలి. అందులో గది తలుపు తెరుచుకోవడానికి, బీరువా తలుపుకి, కుర్చీ వెనక్కి లాగడానికి చోటు పోయినా మనిషి తిరగడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ మిగిలిన నేల మీదకే అట్టపెట్టెలు, రెండో సూట్‌కేసు, ఎప్పటికైనా పనికొస్తాయని దాచినవి వచ్చి చేరతాయి. అప్పుడు గది చిన్నదైపోయిందంటాం.

అందుకే హాస్టల్ గదిలోనే ఏరివేత మొదలైంది. బట్టలు, గిన్నెలు తేలిగ్గానే తెమిలాయి. రెండేసి ఉన్నవాటిలో ఒకటి వేరేవాళ్లకి ఇచ్చేశాను. పాత నోట్సు స్కాన్ చేసుకున్నాను. కష్టమైంది క్లాసు కోసం చేసిన భవనాల మోడల్స్ దగ్గరే. రాత్రుళ్లు మేలుకుని ఫోమ్ బోర్డు కోసి, వేళ్లకి గాట్లు పడి చేసినవి. కిటికీ వెలుగులో పెట్టి ఒక్కోదాన్నీ నాలుగు వైపుల నుంచి, పైనుంచి ఫొటోలు తీశాను. చేసిన పనులన్నీ ఒకచోట చూపించే పోర్ట్‌ఫోలియోకి కావాల్సింది ఆ ఫొటోలే. తర్వాత బ్లేడుతో జాగ్రత్తగా విడదీసి, బోర్డు ముక్కలు కాలేజీలో మేం డ్రాయింగులు, మోడల్స్ చేసుకునే స్టూడియోలో అందరూ వాడుకునే అరలో పెట్టేశాను. మొదటి సంవత్సరం చేసిన మెట్ల మోడల్ మాత్రం విడదీయలేకపోయాను. అది నాతోనే ఉంది, ఉంటుంది కూడా.

ఆ రోజుల్లోనే క్లాసులో లె కార్బూజియే చిన్న ఇల్లు గురించి చదువుకున్నాం. చండీగఢ్‌ని ప్లాన్ చేసిన ఆయనే. దక్షిణ ఫ్రాన్స్‌లో సముద్రం ఒడ్డున, 1952లో తన కోసం కట్టుకున్న ఆ గది పక్కకి 3.66 మీటర్లు, అంటే సుమారు 12 అడుగులు బై 12 అడుగులు. మంచం, బల్ల, అరలు అన్నీ అందులోనే. వంటగది మాత్రం లేదు. గోడ అవతలే భోజనశాల ఉంది, భోజనం అక్కడే. ఆ ప్లాన్ చూశాక నా వెతుకులాట తీరే మారిపోయింది. గది బయట నాకేం దొరుకుతాయో కూడా లెక్కలోకి తీసుకోవడం మొదలుపెట్టాను. లైబ్రరీ రాత్రి ఎంతవరకు తెరిచి ఉంటుంది, స్టూడియోలో లాకరు ఉందా, బట్టలు ఉతుక్కోవడానికి మిషన్ దగ్గర్లో ఉందా. అవి ఉంటే పుస్తకాల రాక్, పెద్ద డ్రాఫ్టింగ్ బల్ల, వాషింగ్ మిషన్ నాకు సొంతంగా అక్కర్లేదు.

చూసిన వాటిలో ఒకటి బాగా నచ్చింది. కొత్తగా రంగు వేశారు, కిటికీ పెద్దది. బీరువా వెనక గోడ మీద అరచెయ్యి ఆనించి చూస్తే చల్లగా, కొంచెం మెత్తగా తగిలింది. కింద రంగు చిన్న చిన్న బుడగలుగా లేచి ఉంది. చెమ్మ. డ్రాయింగ్ షీట్లు ఆ గదిలో ఒక్క వానాకాలం కూడా బతకవు. వదులుకున్నాను. గది చూడ్డానికి వెళ్తే ఫర్నిచర్ వెనక చెయ్యి పెట్టి చూడండి, మొహమాటపడకండి. కుళాయిలన్నీ ఒకేసారి తిప్పి నీళ్లు ఎలా వస్తున్నాయో చూడండి. పగలు లైట్లు ఆర్పి చదవగలరేమో చూసుకోండి.

చివరికి కుదిరింది చిన్నదే. నేను కొలతలు తీసుకుంటుంటే ఓనరు గారు ఓపిగ్గా టేపు రెండో కొస పట్టుకున్నారు. అగ్రిమెంట్ సంతకానికి ముందే అడిగేశాను: ఖాళీ చేయాలంటే ఎంత ముందు చెప్పాలి, అడ్వాన్సులో దేనికి కోత పెడతారు, అద్దెలో కరెంటు, నీళ్లు కలిశాయా. నోటితో చెప్పిందంతా కాగితం మీద రాయించాను. చేరిన రోజే సామాను లోపల పెట్టకముందు గోడలు, బాత్‌రూం, కరెంటు మీటరు అంకె ఫొటోలు తీసి ఆయనకే పంపించాను. ఆయనా సంతోషించారు.

తక్కువ సామానుతో ఉండడం అన్నివేళలా హాయిగా ఉంటుందని చెప్పను. జ్వరం వచ్చినప్పుడు ఇంకో దుప్పటి ఉంటే బాగుండుననిపించింది, ఉంచుకుని ఉండాల్సినవాటిలో అదొకటి. స్నేహితులు వస్తే కుర్చీ ఒక్కటే. కానీ ప్రాజెక్టు సబ్మిషన్ ముందు షీట్లన్నీ నేల మీద వరసగా పరుచుకుని, వాటి మధ్య నడుస్తూ తప్పులు వెతుక్కోగలుగుతున్నాను. మా క్లాసులో ఇంతకంటే పెద్ద గదులున్న వాళ్లు కూడా ఈ పనికి నా గదికే వస్తున్నారు.

ఈ మధ్యే అగ్రిమెంట్ పొడిగించుకున్నాను. "ఇంకో బీరువా ఖాళీగా ఉంది, వేయించమంటారా?" అని అడిగారు ఓనరు గారు. వద్దండీ, దాని బదులు కారుతున్న కుళాయి మార్పించండి అన్నాను. ఆ వారంలోనే మార్పించారు.